లక్ష సీట్ల స్టేడియం సరే, మ్యాచ్ అయినంక నల్లగొండ చేరేదెట్ల?

హైదరాబాద్‌కు దక్షిణాన తలపెట్టిన ఫ్యూచర్ సిటీ పరిధిలోని బేగరికంచెలో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం కడతామని 2024లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో చెప్పారు. అప్పటి నుంచి పాలమూరు, నల్లగొండ వైపు క్రికెట్ పిచ్చోళ్ల మధ్య ఒకటే చర్చ. కల్వకుర్తి, ఆమనగల్లు వాళ్లకు ఉప్పల్ కన్నా అది చాలా దగ్గర. "కడితే అహ్మదాబాద్ లెక్క కట్టాలె, లక్ష మంది పట్టాలె" అని ఒకరంటారు. "ఉన్న ఉప్పల్‌నే సక్కగ నడిపితే సాలదా అన్నా" అని ఇంకొకరు.

మాట ఎటు తిరిగినా సీట్ల సంఖ్య దగ్గరికే వచ్చి ఆగుతోంది. టికెట్ కొని లోపలికి పోయేవాడి అనుభవాన్ని తేల్చే అంకెలు వేరే ఉన్నాయి. మెట్టు ఎత్తెంత, గేటు వెడల్పెంత, నీడ ఎటు పడుతుంది, చివరి బస్సు ఎన్నింటికి అన్నవి. ఒక్కో దేశం వీటికి ఒక్కో జవాబు చెప్పుకుంది. ఆ జవాబుల వెనుక అక్కడి వాతావరణం ఉంది, డబ్బు లెక్క ఉంది, చాలాచోట్ల ఒక ఘోర ప్రమాదం కూడా ఉంది.

ముందు వరసవాడి తల అడ్డం రాకుండా

స్టేడియం గీసేవాళ్లు మొదట చూసే అంకెను సీ-వాల్యూ అంటారు. మీ కంటి నుంచి మైదానం అంచుకు ఒక గీత గీయండి. ఆ గీత ముందు వరసలో కూర్చున్నవాడి కళ్లకు ఎంత పైనుంచి పోతుందో అదే సీ-వాల్యూ. 12 సెంటీమీటర్లుంటే బ్రహ్మాండం, 9 ఉంటే బాగున్నట్టు. 6 కన్నా తగ్గితే ఆట అయ్యేదాకా మెడ అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి.

ఇది పదో తరగతి సరూప త్రిభుజాల లెక్కే. మీ ముందువాడు బౌండరీ తాడుకు 20 మీటర్ల దూరంలో ఉన్నాడు, అతని కళ్లు మైదానానికి 5 మీటర్ల ఎత్తులో ఉన్నాయి అనుకుందాం. వరసకూ వరసకూ మధ్య 80 సెంటీమీటర్లు. మెట్టు ఎత్తు 25 సెంటీమీటర్లయితే సీ-వాల్యూ 4.8 వస్తుంది, అంటే తల అడ్డమే. మెట్టును 30 సెంటీమీటర్లు చేస్తే 9.6కు పెరుగుతుంది. ఐదు సెంటీమీటర్ల సిమెంటుతో చెడ్డ సీటు మంచి సీటైపోయింది.

ఇప్పుడు అదే 30 సెంటీమీటర్ల మెట్టును పై అంతస్తుకు తీసుకుపోదాం. తాడుకు 60 మీటర్ల దూరం, 20 మీటర్ల ఎత్తు. సీ-వాల్యూ 3.3కు పడిపోతుంది. మెట్టును 40 చేస్తే గానీ 13 రాదు. పై గ్యాలరీలు ఎప్పుడూ నిటారుగా ఉండటానికి కారణం ఇదే. అలాగని ఇష్టమొచ్చినంత నిటారుగా కట్టలేరు. వాలు 35 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి దిగేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. బ్యూనస్ ఎయిరీస్‌లో 1940లో తెరిచిన లా బొంబొనేరాను ఇరుకు జాగాలో ఇరికించాల్సి వచ్చి గ్యాలరీలను దాదాపు గోడల్లా లేపారు. అక్కడ ప్రేక్షకుడు ఆటగాడి నెత్తి మీద కూర్చున్నట్టే ఉంటాడు, ఆ ఊపూ దానివల్లే.

క్రికెట్‌కు ఆ సుఖం లేదు. ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. క్రికెట్‌లో బౌండరీయే పిచ్ నడిమధ్య నుంచి 59 నుంచి 82 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే మొదటి వరసలో కూర్చున్నవాడికి కూడా వికెట్లు అంత దూరం. ఫుట్‌బాల్ బంతి 22 సెంటీమీటర్లుంటే క్రికెట్ బంతి ఏడే. ఫుట్‌బాల్ డిజైనర్లు దూరపు మూల నుంచి కంటికి 150 మీటర్లు దాటకుంటే మంచిదని, 190 మించకూడదని అంటారు. అంత దూరం నుంచి ఏడు సెంటీమీటర్ల బంతి తిరిగిందా లేదా అన్నది ఎవరికీ తెలియదు.

అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియం 2020లో కొత్త రూపంలో తెరుచుకుంది. 1,32,000 మంది పడతారు. దాన్ని తీసిపారేయడానికి లేదు. చూపుకు అడ్డొచ్చే స్తంభాలు లేవు. లైట్ల టవర్ల బదులు కప్పు అంచు చుట్టూ ఎల్ఈడీ వలయం పెట్టారు, దాంతో మైదానంలో నీడలు తగ్గాయి. అయినా పై వరసల్లో కూర్చున్నవాళ్లు చాలాసేపు చూసేది పెద్ద తెరనే అని నా అభిప్రాయం. లక్ష మందితో కలిసి అరవడంలో వేరే మజా ఉందనేవాళ్ల మాట కూడా కాదనలేం. బంతి కనపడకున్నా వాళ్లు ఆ హోరు కోసమే పోతారు.

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో 1,00,024 మంది పడతారు. ఆ సైజు అక్కడ ఎందుకు నిలబడిందంటే, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌ను కూడా అండాకారపు మైదానంలోనే ఆడతారు. ఎండాకాలం క్రికెట్, చలికాలం ఫుట్‌బాల్. బయట తయారుచేసిన పిచ్‌ను తెచ్చి దింపి, సీజన్ అయిపోగానే ఎత్తేస్తారు. రెండు ఆటలకు ఒకే ఆకారం దొరకడం వాళ్ల అదృష్టం. మనకు అది లేదు. గచ్చిబౌలి అథ్లెటిక్ స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్ చూసినవాళ్లకు తెలుసు, గ్యాలరీకీ గోల్‌పోస్టుకూ మధ్య రన్నింగ్ ట్రాక్ ఎంత దూరం తెచ్చిపెడుతుందో. జిల్లా కేంద్రాల్లో పరుగుకు, క్రికెట్‌కు, కబడ్డీకి అన్నిటికీ ఒకే గ్రౌండ్ అనుకున్నప్పుడు వచ్చే చిక్కు కూడా ఇదే. ఆడేవాళ్లకు అది మంచిదే, చూసేవాళ్లకు ఏ ఆటా దగ్గరగా కనపడదు.

నిలబడి చూడటం: ఇంగ్లండ్ తీసేసింది, జర్మనీ ఉంచుకుంది

1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మందిని బలితీసుకుంది. ఇనుప కంచెల మధ్య నిలబడి చూసే అరల్లో ఊపిరాడక పోయారు. మరుసటి ఏడాది వచ్చిన టేలర్ నివేదిక తర్వాత పై రెండు డివిజన్ల క్లబ్బులన్నీ 1994 నాటికి ప్రతి ప్రేక్షకుడికీ సీటు వేయాల్సి వచ్చింది. మైదానాలు భద్రమయ్యాయి. టికెట్ ధరలూ పెరిగాయి, నిలబడి అరిచే కార్మిక కుటుంబాల పిల్లలు మెల్లగా తప్పుకున్నారని ఇప్పటికీ అక్కడ బాధపడేవాళ్లున్నారు.

జర్మనీ మరో దారి పట్టింది. డార్ట్‌మండ్ దక్షిణ గ్యాలరీలో దాదాపు 25 వేల మంది నిలబడి చూస్తారు. తక్కువ టికెట్, ఆగని పాట. దేశవాళీ మ్యాచ్‌లకు ఆ స్టేడియంలో 81 వేల మందికి పైగా పడతారు. అంతర్జాతీయ మ్యాచ్‌లకు సీట్లు వేయాలి కాబట్టి ఆ సంఖ్య 66 వేల దాకా తగ్గుతుంది. మనుషులు కూర్చుంటే ఒక్కొక్కరికి పట్టే జాగా అంత పెరుగుతుందన్నమాట.

ఎవరి మాట నిజం? రెండు వైపులా పాయింటుంది. హిల్స్‌బరోలో చంపింది నిలబడటం కాదు, ఒకే అరలోకి లెక్క లేకుండా మనుషులను పంపడం అని ఒక వాదన. సీటు ఉంటే ఆ లెక్క తప్పడమే కష్టమవుతుంది కదా అని ఎదుటి వాదన. చివరికి 2022 జనవరి నుంచి ఇంగ్లండ్ కూడా కొన్ని క్లబ్బులకు ప్రతి వరస ముందూ నడుము ఎత్తు ఇనుప కడ్డీ పెట్టి నిలబడనివ్వడం మొదలుపెట్టింది. మనవైపు ఈ చర్చే లేదు. సీటు నంబరు టికెట్ మీద ఉంటుంది, కోహ్లీ క్రీజులోకి రాగానే స్టాండంతా లేచి నిలబడుతుంది, వెనుకవాడు "కూసో అన్నా, కూసో" అని మొత్తుకుంటూ ఉంటాడు.

గేటు దగ్గరి లెక్క

హిల్స్‌బరోలో నిజంగా తప్పిన లెక్క బయట గేటు దగ్గర మొదలైంది. లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే 10,100 మందికి ఏడు తిరుగుడు గేట్లే ఉన్నాయి. ఇప్పటి బ్రిటిష్ ప్రమాణాల ప్రకారం ఒక తిరుగుడు గేటు గుండా గంటకు 660 మందికి మించి పోతారని లెక్కేయకూడదు. ఏడు గేట్లకు గంటకు 4,620 మంది. అంటే అందరూ లోపలికి పోవాలంటే రెండు గంటల పది నిమిషాలకు పైనే. మ్యాచ్ మూడింటికి మొదలైతే పన్నెండు యాభైకే క్యూలు నిండుగా ఉండాలి. అట్లా ఎవరొస్తారు? రెండున్నరకు బయట ఒత్తిడి పెరిగింది. పోలీసులు పెద్ద గేటు తెరిచారు, జనం నిండి ఉన్న నడిమి అరల్లోకే దూసుకుపోయారు.

చెరువులో నీళ్లు ఎన్నున్నా బయటికి పోయేది తూము వెడల్పును బట్టే. లక్ష సీట్ల స్టేడియం గురించి మాట్లాడేటప్పుడు తూము సంగతి ఎవరూ అడగరు.

బయటికి వచ్చే లెక్క కూడా అట్లాంటిదే. చదునైన దారిలో ఒక మీటరు వెడల్పు గుండా నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది అని అదే బ్రిటిష్ మార్గదర్శకాలు చెబుతాయి. ప్రమాదం జరిగినప్పుడు ఎనిమిది నిమిషాలకు మించకుండా స్టాండు ఖాళీ కావాలి. 8,000 మంది కూర్చునే స్టాండు తీసుకుందాం. కావాల్సింది సుమారు 15 మీటర్ల మెట్ల వెడల్పు, అంటే రెండేసి మీటర్ల మెట్లదారులు ఎనిమిది. "టికెట్ లేనోళ్లు దూరుతరు" అని వాటిలో నాలుగు దారులకు తాళం వేశారనుకోండి, ఖాళీ అయ్యే సమయం పదిహేను నిమిషాలు దాటుతుంది. ప్లాన్ కాగితం మీద మాత్రం దారులు ఎనిమిదే ఉంటాయి.

2022 అక్టోబర్ 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు గ్యాలరీ వైపు భాష్పవాయువు వదిలారు. జనం ఇరుకు గేట్ల వైపు పరుగెత్తారు. 135 మంది చనిపోయారు. స్టేడియంలో భాష్పవాయువు వాడకూడదని ఫిఫా నిబంధనల్లో అప్పటికే రాసి ఉంది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట ఆర్సీబీ విజయోత్సవానికి వచ్చిన వాళ్లలో 11 మంది గేట్ల దగ్గర తొక్కిసలాటలో పోయారు. లోపల పట్టేది సుమారు 35 వేలు, వచ్చింది లక్షల్లో. మన దగ్గర 2022 సెప్టెంబర్‌లో భారత్, ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానాలో జరిగిన తోపులాటలో చాలామంది గాయపడ్డారు. అక్కడ అసలు మ్యాచే లేదు, ఉన్నది టికెట్ కౌంటర్.

రావడం ఒక ఎత్తు, తిరిగి పోవడం ఇంకో ఎత్తు

రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఐపీఎల్ మ్యాచ్ పదకొండున్నర అటూ ఇటూగా ముగుస్తుంది. ఉప్పల్‌లో సుమారు 39 వేల మంది ఒకేసారి రోడ్డు మీదికి వస్తారు. స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, అది మంచి విషయమే. మూడు బోగీల మెట్రో రైలులో సుమారు వెయ్యి మంది పడతారు. పది వేల మంది మెట్రో ఎక్కాలనుకుంటే పది రైళ్లు, ఐదు నిమిషాలకొకటి వచ్చినా దాదాపు యాభై నిమిషాలు.

నల్లగొండవాడి కష్టం అక్కడితో అయిపోదు. నాగోల్ దాకా మెట్రో, అక్కడి నుంచి ఎల్బీనగర్‌కు ఆటో, ఆ తర్వాత అర్ధరాత్రి విజయవాడ హైవే మీద బస్సు కోసం ఎదురుచూపు. పాలమూరువాడు సిటీని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఉచితమే కానీ, ఆ వేళకు బస్సే లేకపోతే ఉచితం ఏం చేసుకోను? చివరి ఐదు ఓవర్లు చూడకుండానే లేచి బయటపడేవాళ్లు ప్రతి మ్యాచ్‌లోనూ ఉంటారు. డబ్బులు పెట్టి కొన్న టికెట్‌లో అసలు మ్యాచ్‌ను వదిలేసుకుంటున్నట్టే.

జర్మనీలో బుండెస్‌లీగా ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్టే చాలా చోట్ల ఆ రోజుకు లోకల్ రైలు, బస్సు టికెట్ కూడా. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 2018లో తెరిచిన 60 వేల సీట్ల ఆప్టస్ స్టేడియానికి పక్కనే కొత్త రైల్వే స్టేషన్ కట్టారు, పెద్ద మ్యాచ్‌ల టికెట్‌లో ప్రయాణం కలిసే ఉంటుంది. అమెరికా దీనికి పూర్తి తలకిందులు. టెక్సస్‌లోని అర్లింగ్టన్‌లో 80 వేల సీట్ల ఏటీ అండ్ టీ స్టేడియం ఉంది. ఆ ఊళ్లో రూటు పట్టుకు తిరిగే సిటీ బస్సులే లేవు. అంతా కార్లే. లాస్ ఏంజిలిస్‌లో 56 వేల మంది పట్టే డాడ్జర్ బేస్‌బాల్ స్టేడియం చుట్టూ 16 వేల కార్ల పార్కింగ్. ఆ జాగా వృథా అని పట్టణ ప్రణాళికలవాళ్లు తిడతారు. అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానికి మాత్రం పార్కింగే సగం పండుగ. మ్యాచ్‌కు నాలుగైదు గంటల ముందే వచ్చి, కారు డిక్కీ తెరిచి, పొయ్యి రాజేసి మాంసం కాలుస్తూ, తెలియనివాళ్లకు కూడా పెడుతూ కూర్చుంటారు.

మే నెల ఎండ

నల్లగొండ ఎండల గురించి నల్లగొండవాళ్లకు చెప్పాల్సింది లేదు. పిచ్ ఉత్తర దక్షిణంగా వేస్తారు, బ్యాట్స్‌మన్ కళ్లలో పొద్దు పడకూడదని. దానివల్ల సాయంత్రం పడమటి స్టాండుకు నీడ, తూర్పు స్టాండువాళ్లకు ముఖం మీద ఎండ. స్పెయిన్‌లో ఎద్దుల పోటీల మైదానాల్లో ఈ తేడాకే ధర కడతారు. నీడ టికెట్ ఎక్కువ, ఎండ టికెట్ తక్కువ. మన దగ్గర కూడా బుకింగ్ యాప్‌లో స్టాండు ఏ దిక్కున ఉందో రాస్తే ఎంత బాగుంటుందో.

ఖతార్ 2022 ప్రపంచ కప్‌కు సీట్ల కిందుగా చల్లగాలి వదిలింది. ఎనిమిది స్టేడియాల్లో ఏడింటికి ఆ ఏర్పాటు ఉంది. అంత చేసినా టోర్నీని నవంబర్, డిసెంబర్‌కు జరిపారు. కరెంటు ఖర్చు మీద, కట్టిన వలస కూలీల బతుకుల మీద వచ్చిన విమర్శలు ఇప్పటికీ ఆగలేదు. ఆ కూలీల్లో తెలంగాణ పల్లెల నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. జపాన్ 2019లో టోక్యో జాతీయ స్టేడియాన్ని వేరే ఆలోచనతో కట్టింది. వాస్తుశిల్పి కెంగో కుమా చూరుల వరసలతో గాలిని లోపలికి మళ్లించాడు, 47 ప్రిఫెక్చర్ల నుంచి కలప తెచ్చి వాడాడు. చల్లదనం ఖతార్ అంత రాదు, కరెంటు బిల్లూ అంత రాదు.

సకినాలు లోపలికి తేనిస్తారా?

లార్డ్స్‌లో ప్రేక్షకులు ఇంటి నుంచి అన్నం డబ్బా తెచ్చుకోవచ్చు, పరిమితంగా వైన్ కూడా. అదే ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ చూస్తూ సీట్లో మందు తాగడం 1985 నుంచి చట్టవిరుద్ధం. దేశం ఒక్కటే, ఆటను బట్టి నమ్మకం మారింది. అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ (అక్కడి ఫుట్‌బాల్ లీగ్) మైదానాలకు 2013 నుంచి లోపలిది బయటికి కనపడే ప్లాస్టిక్ సంచే తేవాలి.

మన దగ్గర సకినాల డబ్బా సంగతి దేవుడెరుగు, నీళ్ల సీసా కూడా గేటు దగ్గరే వదిలేయాలి. దీనికి చరిత్ర ఉంది. 1996 ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఈడెన్ గార్డెన్స్‌లో జనం సీసాలు విసిరి, నిప్పు పెట్టడంతో మ్యాచ్ ఆగిపోయింది, శ్రీలంకను విజేతగా ప్రకటించారు. భయం అర్థమవుతుంది. కానీ సీసా తీసేసుకున్నప్పుడు తాగునీరు లోపల ఉచితంగా, చాలినంత ఉండాలి కదా. చిన్నపిల్లలతో వచ్చినవాళ్లకు ఈ ఒక్కటీ మ్యాచ్‌నంతా పాడుచేస్తుంది.

మరుగుదొడ్ల సంగతి ఇంకా తక్కువ మాట్లాడతారు. లండన్‌లో 2007లో తెరిచిన కొత్త వెంబ్లీకి 90 వేల సీట్లు, 2,618 టాయిలెట్లు. ఒక్కోదానికి 34 మంది. పదిహేను నిమిషాల విరామంలో సగం మంది పోయినా మనిషికి యాభై సెకన్లు చిక్కుతాయి. ఇంటినుంచి చీరలో వచ్చిన అమ్మకు యాభై సెకన్లు సరిపోవు, కాబట్టి ఆడవాళ్లకు ఎక్కువ కావాలి. కొత్త స్టేడియం ప్లాన్‌లో ఈ అంకె ఏ పేజీలో ఉంటుందో చూడాలి.

పెద్దది ఒకటా, చిన్నవి నాలుగా

2014 ప్రపంచ కప్ కోసం బ్రెజిల్ అమెజాన్ అడవుల నడుమ మనౌస్‌లో 40 వేలకు పైగా సీట్ల స్టేడియం కట్టింది. అంత జనాన్ని రప్పించే పెద్ద క్లబ్ ఆ ఊళ్లో లేదు. రాజధాని బ్రసీలియాలో కట్టినదాని ఆవరణ కొన్నాళ్లు బస్సుల పార్కింగ్ అయింది. ఖతార్ ఆ పాఠం చూసి స్టేడియం 974ను విప్పి తీసేసేటట్టు షిప్పింగ్ కంటైనర్లతో కట్టింది. ప్రజల డబ్బు పెట్టి స్టేడియం కడితే ఊరికి ఆదాయం వస్తుందన్న మాటను అమెరికాలో ఎక్కువమంది ఆర్థికవేత్తలు ఒప్పుకోరు. ఊరికి పేరొస్తుంది, పిల్లలకు కల పుడుతుంది, దానికి లెక్క ఎట్లా కడతారని కట్టేవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకూ విలువుంది. మహమ్మద్ సిరాజ్‌ను ఉప్పల్‌లో కళ్లారా చూసి బంతి పట్టిన పోరగాడు పాలమూరులో ఉండకపోడు.

2022 జూన్ నుంచి ఊరూరా పెట్టిన క్రీడా ప్రాంగణాలు ఈ తూకంలో అవతలి తట్ట. అక్కడ ఆడేందుకు జాగా ఉంది, చూసేందుకు లేదు. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో టోర్నమెంటు జరిగితే జనం చుట్టూ నిలబడే చూస్తారు, వెనుక వరసవాళ్లు బైకు సీటు మీదికెక్కి.

ఈ రెండింటికీ మధ్య దారి న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలో కనిపిస్తుంది. స్టాండు బదులు గడ్డి గట్టు. తవ్విన మట్టినే వాలుగా పోసి గడ్డి పెంచుతారు. క్రైస్ట్‌చర్చ్‌లోని హ్యాగ్లీ ఓవల్ అట్లాంటి గట్లతోనే, తాత్కాలిక సీట్లు వేసుకుని 2015 ప్రపంచ కప్ తొలి మ్యాచ్ ఆడించింది. అడిలైడ్ ఓవల్‌ను 53 వేల సీట్లకు పెంచినప్పుడు కూడా ఉత్తరం వైపు గడ్డి గట్టును, 1911 నాటి స్కోర్‌బోర్డును, వెనుక ఉన్న పెద్ద మర్రిజాతి చెట్లను ముట్టుకోలేదు. పిల్లలమర్రి ఉన్న పాలమూరువాళ్లకు చెట్టు నీడ విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు.

గట్టుకు ఇబ్బందులు లేకపోలేదు. వాన పడితే జారుతుంది, చక్రాల కుర్చీ ఎక్కదు. సీటు నంబర్లు ఉండవు కాబట్టి ఎంతమందిని వదిలామన్న లెక్క గేటు దగ్గరే కచ్చితంగా పట్టాలి. ఆ లెక్క పట్టే మనిషి, పట్టినంక "ఇగ చాలు" అని గేటు మూసే ధైర్యం ఉన్న అధికారి కావాలి. సిమెంటు, ఇనుము లేకుండా ఐదు వేల మంది కూర్చునే చోటు జడ్చర్లలోనో మిర్యాలగూడలోనో అట్లా తయారవుతుంది. మ్యాచ్ అయినంక ఇంటికి పోవడానికి బస్సు కోసం చూడక్కర్లేదు, సైకిలు చాలు.